పదిమంది వాడే కంప్యూటర్లకు ఏ లినక్స్ పెట్టాలి? ఎంపిక నుంచి సొంత ఐఎస్‌ఓ దాకా

మా పట్నంలో ఒక చిన్న గ్రంథాలయం ఉంది. పొద్దున్నే పేపర్లు చదవడానికి పెద్దవాళ్లు వస్తారు. పగలంతా గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లు, సాయంత్రం బడిపిల్లలు. అక్కడికి ఒక దాత పద్నాలుగు పాత డెస్క్‌టాప్‌లు పంపించారు. అన్నిటిలోనూ విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. మా వాటిలో సగం కోర్ 2 డ్యూయో కాలం నాటివి.

అలా విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించే బాధ్యత మా ముగ్గురి మీద పడింది. మొదటి రెండు ఆదివారాలు టీ తాగుతూ డిస్ట్రోల (లినక్స్‌లో దొరికే రకరకాల కూర్పుల) మీద కొట్టుకోవడంతోనే సరిపోయింది. ఒకడు ఆర్చ్ అన్నాడు. ఇంకొకడు ఫెడోరా తప్ప వద్దన్నాడు. నేనైతే ఏకంగా సొంత డిస్ట్రో కట్టేద్దాం, ఊరి పేరు పెడదాం అన్నాను. వాల్‌పేపర్ కూడా గీసేశాను. గ్రంథాలయం మేడమ్ అంతా విని ఒకటే అడిగారు: "మీకు ఉద్యోగాలొచ్చి వెళ్లిపోయాక ఇవి మొరాయిస్తే నేనెవర్ని పిలవాలి బాబూ?"

ఆ తర్వాత ప్రతి నిర్ణయమూ ఆ ప్రశ్నకు జవాబు చెబుతుందో లేదో చూసుకునే తీసుకున్నాం. గ్రంథాలయానికే కాదు, బడి ల్యాబ్‌కీ, కాలేజీ క్లబ్బుకీ, చిన్న ఆఫీసుకీ ఈ క్రమం పనికొస్తుంది.

1. ముందు మనుషుల జాబితా రాయండి

డిస్ట్రో పేరు ఎత్తకముందు ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు రోజులు గదిలో ఓ మూల కూర్చోండి. ఎవరొస్తున్నారు, ఏం తెరుస్తున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, అన్నీ రాయండి. "మీకేం కావాలి?" అని అడిగితే అందరూ "ఇంటర్నెట్ వస్తే చాలు" అంటారు. చూస్తే గానీ అసలు సంగతి తెలియదు.

మాకు తేలింది ఇది. ఎక్కువ మంది చేసేది హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవడం, ఆధార్ పీడీఎఫ్ తీసుకోవడం, పాత ప్రశ్నపత్రాలు చదవడం, టైపింగ్ ప్రాక్టీస్. పెద్దవాళ్లకు ఈ-పేపర్లు, పెద్ద అక్షరాలు కావాలి. పిల్లలకు బొమ్మలు వేసుకునే టక్స్ పెయింట్, లెక్కల కోసం జీకాంప్రీ ఉంటే పండగే. ఇద్దరు ముగ్గురు తెలుగులో కథలు, అర్జీలు టైపు చేసుకోవడానికి వస్తారు.

అదే పేజీలో రెండో జాబితా కూడా రాయండి: లినక్స్ మీద జరగని పనులు. ఇది దాచిపెడితే తర్వాత మాట పడతారు. ట్యాలీకి లినక్స్ వెర్షన్ లేదు. టెండర్లకు వాడే డిజిటల్ సంతకం టోకెన్లు చాలా వరకు విండోస్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో పేజీలు దిద్దే డీటీపీ ఆపరేటర్‌ను లినక్స్ మీద కూర్చోబెడితే అతని పొట్ట కొట్టినట్టే. మీ గుంపులో ఇలాంటివాళ్లు ఉంటే ఒక మెషీన్ విండోస్ మీదే వదిలేయండి. పరువు తక్కువేం కాదు.

2. మెషీన్ల జనాభా లెక్క

ప్రతి మెషీన్‌కూ ఒక నంబరు అతికించండి. నోట్‌బుక్‌లో ఒక్కోదానికి ఒక వరుస: ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, నెట్‌వర్క్ కార్డు. లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ కొడితే 64-బిట్ అవునో కాదో చెప్పేస్తుంది. ఈ ఒక్క సమాధానం సగం డిస్ట్రోలను కొట్టేస్తుంది. ఉబుంటు ఎప్పుడో 32-బిట్ డెస్క్‌టాప్ వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీకి ఇన్‌స్టాలరూ లేదు, సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నెలూ లేదు. క్రోమ్ 2016లోనే 32-బిట్ లినక్స్‌కు దండం పెట్టింది, ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారి పట్టింది.

మా దగ్గర రెండు 32-బిట్ మెషీన్లు తేలాయి. డెబియన్ 12 పెట్టి 2028 దాకా లాగొచ్చు అని నేను వాదించాను. ఓడిపోయాను, అదే మంచిదైంది. రెండు మెషీన్ల కోసం ఇంకో డిస్ట్రోని సాకడం దండగ. వాటిని విప్పేసి కీబోర్డులు, పవర్ సప్లైలు స్పేర్ కింద అట్టపెట్టెలో పెట్టాం.

ఇంకో కిటుకు. 64-బిట్ అయినంత మాత్రాన అన్నీ ఎక్కవు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాని కుటుంబంలోని ఆల్మా, రాకీ వగైరా, కోర్ 2 డ్యూయోలో లేని కొన్ని ప్రాసెసర్ సూచనలు కోరతాయి. బూట్ కావు. ఆఫీసులో ఎవరో "సర్వర్‌లో ఉన్నదే డెస్క్‌టాప్‌లోనూ పెడదాం" అంటే ముందు ఇది చూసుకోండి.

డబ్బు ఏమైనా ఉంటే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. తిరిగే హార్డ్ డిస్క్ తీసి చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా, ఏ తేలికపాటి డిస్ట్రో మార్చినా రాదు. తర్వాత ర్యామ్. 4 జీబీ ఉంటే ఊపిరాడుతుంది. 2 జీబీలో డెస్క్‌టాప్ నడుస్తుంది కానీ బ్రౌజర్‌లో నాలుగో ట్యాబ్ తెరిస్తే నత్తనడకే. మెమరీ మింగేది బ్రౌజరే, లినక్స్ కాదు.

అన్నిటికంటే చవకైన రిపేరు మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ. సీఆర్ 2032, కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. అది చచ్చిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. బ్రౌజర్ ప్రతి సైటునీ "సురక్షితం కాదు" అంటుంది, అప్‌డేట్ కొడితే "ఈ ఫైలు ఇంకా చెల్లదు" అని ప్రోగ్రాములు దించిపెట్టే ఏపీటీ తిప్పి పంపుతుంది. మేం ఒక రోజంతా నెట్‌వర్క్‌ని తిట్టుకుని చివరికి గడియారం చూశాం. పన్నెండింటికీ ఒకేసారి మార్చేయండి.

ప్రింటర్‌ని మరిచిపోకండి. మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900కి ప్రత్యేకంగా క్యాప్ట్ డ్రైవర్ కావాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి హెచ్‌ప్లిప్ ప్లగిన్ విడిగా దించాలి. ఏ ప్రింటర్ ఉందో చూసి, లైవ్ యూఎస్‌బీ మీద ఒక్క పేజీ ప్రింట్ తీసి, ఆ తర్వాతే డిస్ట్రో ఖాయం చేసుకోండి. హాల్‌టికెట్ ప్రింట్ కాని లినక్స్ ఎంత గొప్పదైనా గ్రంథాలయంలో ఒక్క పూట నిలబడదు.

3. బేస్ ఎంచుకోవడం

ఇప్పుడు డిస్ట్రో. చూడాల్సిన మొదటి అంకె మద్దతు ఎన్నేళ్లు అని. ఫెడోరా ఒక్కో వెర్షన్‌కు సుమారు 13 నెలలే. అంటే ఏటా పన్నెండు మెషీన్లనూ పైవెర్షన్‌కు లాగాలి. ఆర్చ్‌లో వెర్షన్లే ఉండవు, రోజూ మారుతూనే ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్‌కు అది సరదా. మేడమ్ ఒక్కరే ఉన్న మంగళవారం పొద్దున అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లబడితే సరదాగా ఉండదు. ఆర్చ్ అన్న మా వాడు ఇంట్లో ఇప్పటికీ ఆర్చే వాడతాడు, ఇక్కడ మాత్రం ఈ మాటతో ఒప్పుకున్నాడు.

మిగిలేవి డెబియన్, ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉండే వెర్షన్), లినక్స్ మింట్. మూడూ సుమారు ఐదేళ్లు నడుస్తాయి. కాకపోతే ఉబుంటు పేరుతో వచ్చే లుబుంటు, జుబుంటు లాంటి తోబుట్టువులకు ఎల్‌టీఎస్‌లో కూడా మూడేళ్లే, ఇది చాలామంది గమనించరు. విండోస్ అలవాటున్నవాళ్లు ఎక్కువగా ఉండి, మెషీన్లు 4 జీబీ పైన ఉంటే మింట్ సినమన్ డెస్క్‌టాప్‌తో కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. 2, 3 జీబీ మెషీన్లు కలిసి ఉంటే డెబియన్ మీద తేలికపాటి డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. మేం అదే తీసుకున్నాం. వైఫై ఫర్మ్‌వేర్ కోసం వేరే ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా) వెతుక్కునే పాత బాధ డెబియన్ 12 నుంచి లేదు, ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది.

మన దేశంలో కట్టినవీ ఉన్నాయి. చెన్నైలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చేసిన బాస్ లినక్స్ డెబియన్ మీద కట్టిందే. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ సంస్థ ఉబుంటు మీద తయారుచేసిన సొంత కూర్పు వాడుతున్నారు. తెలుగులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు డెబియన్‌కు తెలుగు ముఖం పెట్టి విడుదల చేశారు, ఇవాళ మనకు కనిపించే తెలుగు మెనూల వెనక అలాంటి స్వచ్ఛంద అనువాదకుల చెమట చాలా ఉంది. వీటిలో ఏదైనా తీసుకునే ముందు ఒక్కటి చూడండి: చివరి భద్రతా అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది? దాని కింద ఉన్న డెబియన్ లేదా ఉబుంటు వెర్షన్‌కు ఇంకా మద్దతు ఉందా? ఈ రెండిటికీ సంతృప్తికరమైన జవాబు దొరికితే నిక్షేపంగా వాడుకోవచ్చు.

4. సొంతంగా కట్టాలా? నిచ్చెన ఎక్కడ ఆపాలి

సొంత డిస్ట్రో అనగానే అందరి కళ్లూ మెరుస్తాయి. నావీ మెరిశాయి. కానీ ఇది ఉందా లేదా అనే ప్రశ్న కాదు, నిచ్చెన లాంటిది. కింది మెట్టు, మామూలు డెబియన్ వేశాక ఏమేం చేయాలో రాసుకున్న కాగితం. దాని పైన, ఆ పనులన్నీ చేసే మెటాప్యాకేజీ (కావాల్సిన ప్రోగ్రాముల జాబితానే ఒక ప్యాకేజీగా కట్టింది), ఒక స్క్రిప్టు. ఆ పైన, ఇన్‌స్టాలర్ ప్రశ్నలకు ముందే జవాబులిచ్చే ప్రీసీడ్ ఫైలు, లేదా ఒక మెషీన్ సిద్ధం చేసి క్లోనిజిల్లాతో మిగతావాటికి కాపీ చేయడం. ఇంకా పైన లైవ్-బిల్డ్ అనే పనిముట్టుతో సొంత ఐఎస్‌ఓ. చిట్టచివర సొంత రిపాజిటరీ (ప్యాకేజీల గోదాము), సొంత ప్యాకేజీలు, సొంత భద్రతా అప్‌డేట్లు. అసలు అర్థంలో డిస్ట్రో అంటే అదే.

పని జరిగే అతి కింది మెట్టు దగ్గర ఆగిపోండి. ఐదు మెషీన్లలోపు ఉంటే కాగితం చాలు. యాభై దాకా మెటాప్యాకేజీ, స్క్రిప్టు. ఊరూరా పంచాలి, ఇన్‌స్టాల్ చేయకుండా యూఎస్‌బీ నుంచే చూపించాలి, ఇంటర్నెట్ లేని బడులకు పంపాలి అంటే ఐఎస్‌ఓ. చివరి మెట్టుకు జీతం తీసుకునే మనుషులు కావాలి. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, లిముక్స్ పేరుతో సొంత కూర్పు చేసుకుని, పదిహేను వేల దాకా డెస్క్‌టాప్‌ల మీద నడిపింది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని కౌన్సిల్ తీర్మానించింది. అందులో రాజకీయం ఎంత, సాంకేతికం ఎంత అని ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. అంత సిబ్బంది ఉన్న ఊరికే అది తలనొప్పి అయినప్పుడు ముగ్గురు కుర్రాళ్ల సంగతి చెప్పేదేముంది?

ఫ్రాన్స్‌లో జాందార్మరీ అనే పోలీసు దళం దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ. వాళ్లు ముందు విండోస్ మీదే 2005లో ఓపెన్‌ఆఫీస్, మరుసటేడు ఫైర్‌ఫాక్స్ అలవాటు చేశారు. ఆ తర్వాతే 2008 నుంచి ఉబుంటు మీద కట్టిన గెండ్‌బుంటుకు మారారు. అప్పటికి చేతులు అలవాటుపడి ఉన్నాయి, కింద ఉన్న సిస్టం మారినా పెద్దగా తేడా తెలియలేదు. మీరూ ఇది చేయొచ్చు. లినక్స్ పెట్టడానికి నెల ముందే ఉన్న విండోస్ మీద లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ వేసేయండి.

5. తెలుగు సరిగా కూర్చోబెట్టడం

నా లెక్కలో మొత్తం పనిలో సగం ఇదే, ఏ ఇంగ్లిష్ గైడూ చెప్పనిదీ ఇదే. ఒకదాని తర్వాత ఒకటి చూద్దాం.

ఫాంట్లు. డెబియన్‌లో నోటో ఫాంట్ల ప్యాకేజీ వేస్తే తెలుగు సాన్స్, సెరిఫ్ రెండూ వస్తాయి. తెరమీద చదవడానికి ఇవి చాలు. లోహిత్ తెలుగు ఫాంటు కూడా చిన్న సైజుల్లో బాగుంటుంది. వీటితో పాటు తెలుగు విజయం ప్యాకేజీ తప్పకుండా వేయండి. సిలికానాంధ్ర వాళ్ల చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, తిమ్మన లాంటి ఫాంట్లన్నీ అందులో ఉన్నాయి. పెళ్లి శుభలేఖ నమూనా కొట్టుకోవడానికి వచ్చిన ఒకాయన ఈ జాబితా చూసి, విండోస్‌లో ఇవెందుకు లేవని నన్నే నిలదీశాడు.

కీబోర్డు. ఇక్కడ అభిప్రాయాలు మతాల్లా ఉంటాయి. ఏదో ఒకటి రుద్దకండి. ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దానికి ఎం17ఎన్ ఇంజిన్ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అన్నీ దొరుకుతాయి. ఇన్‌స్క్రిప్ట్ 1991 నాటి భారత ప్రమాణం ఐఎస్ 13194లో భాగం. టైపింగ్ నేర్చుకునే పిల్లలకు అదే మంచిది, ఒక్కసారి నేర్చుకుంటే హిందీకీ కన్నడకీ కూడా అవే మీటలు. ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టిన లిప్యంతరీకరణ పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లకు వెంటనే చేతికొస్తుంది. ఫోన్‌లో తెలుగు కొట్టేవాళ్లంతా అటువైపే. మేం ఇంగ్లిష్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ మూడే ఉంచి మిగతావి కనపడకుండా చేశాం. పదిహేను లేఅవుట్ల జాబితా చూస్తే కొత్తవాళ్లు బెదిరిపోతారు.

భాష మార్చే మీట ఏదో మానిటర్ కింద కాగితం మీద రాసి అంటించండి. పొల్లు తర్వాత అక్షరాన్ని అతుక్కోనివ్వని జీరో-విడ్త్ నాన్-జాయినర్ ఏ మీట మీద ఉందో కూడా రాయండి. అది తెలియకపోతే "సాఫ్ట్‌వేర్" అని కొట్టబోతే టకారం కింద వకారం ఒత్తుగా వేలాడుతుంది. దరఖాస్తుల్లో ఇంగ్లిష్ పేర్లు రాసే ప్రతివాళ్లకీ ఇది తగులుతుంది.

లిబ్రేఆఫీస్. తెలుగు స్పెల్‌చెక్ కోసం హన్‌స్పెల్ తెలుగు, తెలుగు మెనూల కోసం భాషా ప్యాక్ వేయండి. తర్వాత టూల్స్, ఆప్షన్స్, భాష సెట్టింగుల్లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే గడికి టిక్ పెట్టండి. అప్పుడు తెలుగుకు విడిగా డిఫాల్ట్ ఫాంటు, సైజు ఎంచుకునే చోటు తెరుచుకుంటుంది. లిబ్రేఆఫీస్ ఒకే వాక్యంలో ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, తెలుగుకు ఇంకొకటి లెక్కవేస్తుంది. ఈ సంగతి తెలియక "సైజు మారుస్తుంటే తెలుగు మారట్లేదు" అని మా దగ్గరికి వచ్చినవాళ్లు లెక్కలేరు.

మెనూలు తెలుగులో పెట్టాలా? నేను ముందు పెట్టాల్సిందే అన్నాను, భాషాభిమానం. వారంలో వెనక్కి తగ్గాను. అనువాదం కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు, సగం తెలుగు సగం ఇంగ్లిష్ మెనూ రెండూ తెలిసినవాణ్ని కూడా తికమక పెడుతుంది. పోటీపరీక్షలకు చదివేవాళ్లకు కంప్యూటర్ పరిభాష ఇంగ్లిష్‌లోనే కావాలి, సిలబస్ అదే. ఈ-పేపర్ చదివే పెద్దాయనకు మాత్రం తెలుగు మెనూ నిజంగా ఊరట. అందుకని లాగిన్ తెరమీదే భాష ఎంచుకునేలా రెండు లొకేల్‌లూ (భాషా సెట్టింగులూ) సిద్ధంగా ఉంచాం.

అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్లు ఎవరైనా తెస్తే అక్షరాల బదులు ఇంగ్లిష్ పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, అది అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ పద్ధతిలో లేదు, అంతే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, మార్చాక చదివి దిద్దక తప్పదు. అచ్చుపుస్తకం పేజీ నుంచి అక్షరాలు రాబట్టాలంటే టెసరాక్ట్ అనే ప్రోగ్రాంకు తెలుగు డేటా ప్యాకేజీ ఉంది. స్కాన్ శుభ్రంగా ఉంటే పర్వాలేదనిపిస్తుంది.

6. మీ పొర కట్టడం

ఇప్పుడు ఒక మెషీన్ ముందు కూర్చోండి. దీన్నే నమూనా అనుకుందాం.

ఈక్వివ్స్ అనే చిన్న పనిముట్టుతో మీ మెటాప్యాకేజీ చేయండి. ఒక టెక్స్ట్ ఫైల్లో పేరు, వెర్షన్, ఏయే ప్యాకేజీలు కావాలో రాస్తే అది డెబ్ ఫైలుగా మారుస్తుంది. రేపు కొత్త ప్రోగ్రాం కావాలంటే జాబితాలో ఒక లైను కలిపి, వెర్షన్ పెంచి, పన్నెండు మెషీన్లకూ పంపితే చాలు. ఒక్క చోట జాగ్రత్త. అన్నిటినీ డిపెండ్స్ (ఉండి తీరాల్సినవి) కింద రాస్తే, ఎవరో ఒక ఆట తీసేసినప్పుడు దానితోపాటు మెటాప్యాకేజీ పోతుంది. తర్వాత అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ కొట్టగానే మిగతావన్నీ సంచి సర్దుకుంటాయి. తప్పనిసరి వాటిని మాత్రమే డిపెండ్స్‌లో, మిగతావి రికమెండ్స్ (ఉంటే మంచివి) కింద రాయండి.

డెస్క్‌టాప్ రూపం, సత్వరమార్గాలు, ఐబస్ సెట్టింగులు ఈటీసీ కింద ఉండే స్కెల్ ఫోల్డర్‌లో పెట్టండి. కొత్త యూజర్‌ని సృష్టించినప్పుడు ఆ ఫోల్డరే నకలు అవుతుంది. అప్పటికే ఉన్న యూజర్లకు మాత్రం ఏమీ మారదు. ఇది తెలియక నేను ఒకే ఫైలు పదిసార్లు మార్చి "ఎందుకు రావట్లేదు" అని జుట్టు పీక్కున్నాను.

అందరూ వాడే మెషీన్‌లో గోప్యత గురించి సీరియస్‌గా ఆలోచించండి. మొదటి వారంలోనే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ముప్పై మంది ఆధార్ పీడీఎఫ్‌లు పోగుపడ్డాయి, ఒకరి వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది. మేం "పాఠకుడు" అనే ఒకే అకౌంట్ పెట్టి, లాగౌట్ కాగానే దాని హోం ఫోల్డర్‌ను శుభ్రమైన నకలుతో తుడిచేసే స్క్రిప్టును, లాగిన్ తెర నడిపే లైట్‌డీఎంలో సెషన్ ముగింపుకు తగిలించాం. ఫైర్‌ఫాక్స్ పాలసీ ఫైల్లో మూసేటప్పుడు చరిత్ర, కుకీలు చెరిపేయమని రాశాం. ఫైళ్లు దాచుకోవాలంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోవాలి. మొదట గొణిగారు, కారణం చెప్పాక ఎవరూ మాట్లాడలేదు.

కరెంటు పోతుంది, అది ఖాయం. లిబ్రేఆఫీస్ ఆటోసేవ్ పది నిమిషాల నుంచి రెండు నిమిషాలకు దించండి. 2 జీబీ మెషీన్లలో జెడ్‌ర్యామ్ పెట్టండి, ర్యామ్‌లోనే సర్దుకుని కుదించుకుంటుంది కాబట్టి కాస్త తెరిపి.

ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే ఏపీటీ-క్యాచర్-ఎన్‌జీ మీ పాలిట దేవుడు. ఒక మెషీన్‌లో దాన్ని పెట్టి, మిగతావాటిని దాని 3142 పోర్టువైపు తిప్పండి. మొదటి మెషీన్ దించుకున్న ప్యాకేజీనే మిగతా పదకొండూ లోకల్‌గా తీసుకుంటాయి. పన్నెండు సార్లు దిగాల్సింది ఒక్కసారి దిగుతుంది.

భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఆన్ చేయండి. రాత్రి మెషీన్లు ఆపేస్తారు కాబట్టి పగలే ఏదో ఒక టైంలో పడుతుంది, పడనివ్వండి.

7. క్లోనింగ్, ఐఎస్‌ఓ

ఒకే రకం మెషీన్లు ఉంటే నమూనాను క్లోనిజిల్లాతో కాపీ చేయడం అన్నిటికంటే తొందర. కాపీ తీసే ముందు మూడు పనులు. మెషీన్ గుర్తింపు సంఖ్య ఉండే మెషీన్-ఐడీ ఫైలును ఖాళీ చేయండి, ఫైలు మాత్రం ఉండాలి. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ తాళంచెవుల ఫైళ్లు చెరిపేసి, ప్రతి కాపీలో కొత్తవి పుట్టేలా చూసుకోండి. కాపీ అయ్యాక హోస్ట్ పేరు మార్చండి. మొదటిది మరిచిపోతే కవలపిల్లల తంటా: రెండు మెషీన్లూ రౌటర్‌కు ఒకటేలా కనిపించి ఒకే ఐపీ అడ్రస్ కోసం కొట్టుకునే ప్రమాదం ఉంది. ఒకటి ఆన్ చేస్తే రెండోదానికి నెట్ పోతుంది, కారణం చచ్చినా దొరకదు.

ఐఎస్‌ఓ కావాలంటే లైవ్-బిల్డ్. డెబియన్ నడుస్తున్న మెషీన్‌లో, రూట్ హక్కులతో, ఖాళీ జాగా కనీసం ఇరవై జీబీ ఉంచుకుని మొదలుపెట్టండి. ఖాళీ ఫోల్డర్‌లో ఎల్‌బీ కాన్ఫిగ్ కొడితే కాన్ఫిగ్ అనే చెట్టు మొలుస్తుంది. డిస్ట్రిబ్యూషన్ ట్రిక్సీ (డెబియన్ 13 మారుపేరు) అనీ, ప్యాకేజీ విభాగాల్లో మెయిన్‌తో పాటు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనీ చెప్పాలి. బూట్ ఆప్షన్లలో తెలుగు లొకేల్ ఇవ్వాలి. తర్వాత ఆ చెట్టులో మూడు కొమ్మలే మీకు పని:

ప్యాకేజీ-లిస్ట్స్ ఫోల్డర్‌లో కావాల్సిన ప్యాకేజీల పేర్లు. మీ మెటాప్యాకేజీ డెబ్ ఫైలును ప్యాకేజెస్-క్రూట్ ఫోల్డర్‌లో పడేస్తే అదీ ఎక్కుతుంది.

ఇన్‌క్లూడ్స్-క్రూట్‌లో మీ స్కెల్, వాల్‌పేపర్, ఫైర్‌ఫాక్స్ పాలసీ లాంటి ఫైళ్లు. అసలు సిస్టంలో ఏ దారిలో ఉండాలో అదే దారిలో పెట్టాలి.

హుక్స్‌లో చివర్లో నడవాల్సిన స్క్రిప్టులు.

జాబితా ఫైళ్లకూ హుక్‌లకూ పేరు చివర తోక (ఎక్స్‌టెన్షన్) సరిగా లేకపోతే లైవ్-బిల్డ్ ఏమీ అనకుండా వాటిని దాటేసి వెళ్లిపోతుంది. తిట్టదు, హెచ్చరించదు. ఐఎస్‌ఓ బూట్ అయ్యాక ఫాంట్లు లేవేంటి అని మీరే కనిపెట్టుకోవాలి. తోకలు ఎలా ఉండాలో దాని మాన్యువల్‌లో ఉంది, కాపీ చేసుకోండి. హుక్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వడం కూడా.

ఎల్‌బీ బిల్డ్ కొట్టి భోజనానికి వెళ్లండి. ఏదైనా మార్చి మళ్లీ కట్టాలంటే ముందు ఎల్‌బీ క్లీన్ కొట్టాలి, లేకపోతే అయిపోయిన దశలను వదిలేసి పాత ఐఎస్‌ఓనే కడుతుంది. వచ్చిన ఐఎస్‌ఓను ముందు వర్చువల్ మెషీన్‌లో, తర్వాత ఉన్నవాటిలో అతి పాత మెషీన్‌లో బూట్ చేయండి. వర్చువల్ మెషీన్‌కు వైఫై ఉండదు, ప్రింటర్ ఉండదు, చచ్చిన బ్యాటరీ ఉండదు. అది పాసయితే మురిసిపోకండి. సైజు 4 జీబీ లోపు ఉంచండి, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో అంతకుమించిన ఫైలు కాపీ కాదు.

ఎవరికైనా పంచుతున్నారా? రెండు విషయాలు. జీపీఎల్ అనే లైసెన్సు ప్రకారం మీరు ఇచ్చిన బైనరీలకు (నడిచే ప్రోగ్రాములకు) సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాల్సింది మీరే, కాబట్టి ఆ ఐఎస్‌ఓలో వాడిన వెర్షన్ల సోర్స్ ప్యాకేజీలు కూడా దాచుకోండి. లైవ్-బిల్డ్‌లో దానికి ఆప్షన్ ఉంది. రెండోది, ఉబుంటు మార్చి పంచుతుంటే ఆ పేరూ లోగోల వాడకానికి ఉబుంటు కంపెనీ కెనానికల్ ట్రేడ్‌మార్క్ నియమాలు ఉన్నాయి, చదివి గానీ స్టిక్కర్లు ప్రింట్ చేయకండి.

8. ఇద్దరి మీద వారం రోజులు

అన్నిట్లోనూ ఎక్కించే ముందు రెండే మెషీన్లు తెరిచి ఉంచండి. గుంపులో కంప్యూటర్ అతి తక్కువ తెలిసిన ఇద్దరిని పిలవండి. పక్కన కూర్చుని నోరు మూసుకోవడం చాలా కష్టం, కానీ అదే పరీక్ష. మా దగ్గర ఒక పెద్దాయన మొదటి రోజు ఇరవై నిమిషాలు తెరమీద ఉన్న ఎలుక బొమ్మనే నొక్కుతూ కూర్చున్నారు. అది ఎక్స్‌ఎఫ్‌సీఈ మెనూ గుర్తు. ఆయనకు కావాల్సింది పేపరు. డెస్క్‌టాప్ మీద పెద్దగా "పేపర్లు", "హాల్‌టికెట్లు", "తెలుగు టైపింగ్", "పిల్లలు" అని నాలుగు గుర్తులు పెట్టి మెనూ పక్కకు నెట్టాం. ఆ నాలుగు గుర్తులకు మెటాప్యాకేజీ కంటే ఎక్కువ మెచ్చుకోలు వచ్చింది. నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

9. మీరు లేనప్పుడు

మేడమ్ ప్రశ్న దగ్గరికి మళ్లీ వచ్చాం. మేం చేసినవి ఇవీ. ఒక మెషీన్‌ను పూర్తిగా సిద్ధం చేసి బీరువాలో స్పేర్‌గా పెట్టాం. ఏదైనా మొరాయిస్తే దాన్ని తీసి ఇది పెట్టడమే, అందుకు లినక్స్ తెలియక్కర్లేదు. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లు రెండు, ఒకటి పోతుందని ముందే అనుకుని. రోజూ వచ్చే డిగ్రీ అమ్మాయి ఒకరికి మొదటి నుంచీ అంతా చూపించి, చివరి రెండు మెషీన్లు మేం ముట్టుకోకుండా ఆమె చేతే వేయించాం. ఎక్కడ ఆగిందో ఆ లైన్లే తిరిగి రాసి నోట్‌బుక్ పూర్తి చేశాం. ఆ నోట్‌బుక్ తెలుగులో, పెన్నుతో, రిజిస్టర్ల పక్కనే ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో మేడమ్ సొరుగులో.

సర్వర్‌గా వాడే ఒకటో నంబరు మెషీన్ మీద స్కెచ్‌పెన్నుతో ఒక తేదీ రాశాం: 2030 జూన్. డెబియన్ 13కు దీర్ఘకాల మద్దతు అప్పటితో అయిపోతుంది. దాని కింద ఆ అమ్మాయి తన చేతిరాతతో ఇంకో లైను కలిపింది: "2029 వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాలి, బ్యాటరీలు కూడా మార్చాలి."